ప్రభువు బల్ల గుడ్డ

"పిన్నీ, ఇదేంటి గిన్నెలా లేచింది? చట్నీ పోసుకోవచ్చు!" మా అన్న కూతురు కరుణ, వాళ్ల పిన్ని అల్లడం మొదలెట్టిన లేసుగుడ్డను బల్ల మీద పరిచి నవ్వింది.

ఈస్టరుకి చర్చిలో రొట్టె, ద్రాక్షారసం ఉంచే ప్రభువు బల్ల మీద వేయాల్సిన గుండ్రం గుడ్డ అది. నడిమి పువ్వు చుట్టూ రేకులన్నీ సమంగానే ఉన్నాయి. అంచులు మాత్రం ఎంత నొక్కినా పైకే లేస్తున్నాయి.

"వరసవరసకీ కుట్లు పెంచాలని నాకు నేర్పింది నువ్వేగా! పెంచకపోతే ఎలా పరుచుకుంటుంది?"

మా ఆవిడ దీవెనమ్మ గుడ్డను ఒళ్లోకి లాక్కుంది. మనుషుల పేర్లన్నీ మర్చిపోయినా చేతిలో అల్లిక మిగిలిందని ఇన్నాళ్లూ ధైర్యంగా ఉన్నాను.

"ఇలా తే పిన్నీ, విప్పేసి మళ్లీ మొదలెడదాం."

దీవెనమ్మ గుడ్డను గుండెకి హత్తుకుంది. "విప్పకమ్మా. ఇది మా పాపకి టోపీ. ఇంతకీ నువ్వెవరమ్మాయివి?"

కరుణ నవ్వు ఆగిపోయింది. మాకు పుట్టింది ఒక్క పాపే. పురిట్లోనే పోయింది.

"ఏమండీ, పాపని నాకింకా చూపించలేదు. మీరు చూశారుగా, పాప తల ఎంతుంది?"

పిడికిలి బిగించి ముందుకు చాపాను.

దీవెనమ్మ దానికి టోపీ తొడిగి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"కాస్త వదులైంది. పోనీలెండి, పెరుగుతుందిగా" అంది.