వరండాలో రుద్రమ్మ

"ఓ బిడ్డా, ఆగు. గా కిటికీ దాక జర నడిచి రా."

మెట్లెక్కి రొప్పుతున్న ఫణీంద్రకు ఒళ్లు మండింది.

"నడవలేకే కదా ఇక్కడికొచ్చింది!"

పిలిచింది వరండాలో స్టూలు మీద కూర్చున్న ముసలామె. ఆయా కాబోలనుకుని, ఆమెను దాటుకుని లోపలికి వెళ్లిపోయాడు.

అది 2003 వానాకాలం. అమీర్‌పేట సందుల్లో ఎటు చూసినా కంప్యూటర్ కోర్సుల బోర్డులే. వాటి మధ్య ఓ మేడ మీద హనుమత్ప్రసాద్ గారి చిన్న క్లినిక్. ఆయన విదేశంలో కైరోప్రాక్టిక్ చదివి వచ్చారు. మందూ కోతా లేకుండా, ఉత్త చేతులతో వెన్నూ కీళ్లూ సరిచేసే వైద్యం. ఆ పేరు నోరు తిరగక జనం ఆయన్ని 'టక్ డాక్టరు' అనేవారు. ఆయన నొక్కితే ఎముక టక్‌మనేది. మనిషి లేచి కూర్చునేవాడు.

పంజాగుట్ట బట్టల షాపుల్లో రోజంతా నిలబడే ఆడవాళ్లు, శ్రీనగర్ కాలనీలో ఉండే సినిమా ఫైటర్లు, అందరికీ ఆయనంటే ప్రాణం.

ఫణీంద్రది తణుకు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి ఆరు నెలలైంది. నడుములో మొదలైన నొప్పి ఎడమ కాల్లోకి పాకింది. బొటనవేలు మొద్దుబారింది. ఆసుపత్రిలో ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. కాలు మళ్లీ మామూలవుతుందని మాత్రం ఎవరూ గట్టిగా చెప్పలేదు.

"రుద్రమ్మకు నడిచి చూపించావా?" అని అడిగారు డాక్టరు గారు.

"ఎవరండీ, బయటున్న ఆయానా?"

"నడిచి రా బాబూ. తర్వాత చూద్దాం."

విసుక్కుంటూనే వరండాలోకి వచ్చి నడిచాడు.

రుద్రమ్మ అతని ముఖం చూడలేదు. ఎక్కడో దూరంగా పాట వినిపిస్తుంటే చెవొగ్గినట్టు, సగం మూసిన కళ్లతో పాదాలనే చూసింది.

"ఇంకోపారి" అంది.

మళ్లీ నడిచాడు. ఆమె లేచి లోపలికి వెళ్లి, డాక్టరు చెవిలో రెండు ముక్కలు చెప్పి వచ్చింది.

డాక్టరు గారు నడుము ముట్టుకోనే లేదు. కుడి తుంటి కింద అరచెయ్యి ఆనించారు.

"నొప్పి ఎడమవైపండీ!"

"తెలుసు. ఊపిరి వదిలెయ్."

టక్.

గది మెల్లగా ఎటో జరిగిపోయినట్టయింది. కింద రోడ్డు మీద బస్సుల హారన్లు నీళ్ల అడుగునుంచి వినిపిస్తున్నట్టున్నాయి. చిన్నప్పుడు కాలువలో వెల్లకిలా తేలుతుంటే మబ్బులు తలమీదుగా కదిలిపోయేవి. ఇప్పుడూ అలాగే తేలుతున్నాడు. ఒంట్లో బరువన్నది లేదు. ఎంతసేపు అలా ఉండిపోయాడో తెలీదు.

కళ్లు తెరిచేసరికి కిటికీ అద్దం మీద వాన జారుతోంది.

బొటనవేలు కదిలింది.

ఆరోసారి వచ్చినప్పుడు కుంటకుండా మెట్లెక్కాడు. ఆసుపత్రిలో మళ్లీ పరీక్ష చేసి, ఆపరేషన్ అక్కర్లేదన్నారు. ఊరినుంచి పూతరేకుల డబ్బా తెప్పించి, డాక్టరు గారి కాళ్లకు దణ్ణం పెట్టాడు.

తిరిగి వెళ్తుంటే రుద్రమ్మ పిలిచింది.

"బిడ్డా, గంటలకొద్ది గట్లనే కూసోకు. మళ్ల మొదటికొస్తది."

"డాక్టరు గారు చెప్పార్లే" అంటూ మెట్లు దిగిపోయాడు.

ఆ తర్వాత మూడేళ్లలో సగం ఆఫీసును అక్కడికి పంపాడు. వెళ్లొచ్చిన ప్రతివాళ్లూ డాక్టరు గారి హస్తవాసి గురించే చెప్పుకున్నారు. వరండాలో ఓ ముసలామె తమను నడిపించి చూసిందన్న సంగతి ఎవరికీ చెప్పాలనిపించలేదు.

ఓ సాయంత్రం, తనతో పనిచేసే హైందవికి మెడ పట్టేస్తే ఫణీంద్రే వెంటబెట్టుకొచ్చాడు. వరండాలో ఎవరూ లేరు. లోపల డాక్టరు గారు గోడమీది వెన్నెముక పటాన్ని దించి చుట్ట చుడుతున్నారు.

"రుద్రమ్మ పోయింది బాబూ. నెలైంది."

"అయ్యో! మరి ఇంకో ఆయాను పెట్టుకోలేదా సార్?"

ఆయన చుట్టిన పటానికి దారం కట్టారు.

"అమ్మాయిని సోమాజిగూడలో నాకు తెలిసిన డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. చీటీ రాసిస్తాను. నేనిక నొక్కను."

"అదేంటండీ! మీ హస్తవాసి..."

"ఎక్కడ నొక్కాలో చెప్పే మనిషి లేదుగా."

డాక్టరు గారు పటాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

"చదివొచ్చిన కొత్తలో, ఏడాదిపాటు నా చేతుల్లో ఒక్కరికీ నయం కాలేదు. ఎదురుగా ఏదో మేడ కడుతుంటే ఆమె ఇటుకలు మోసేది. బెణికినా, పట్టేసినా కూలివాళ్లంతా ఆమె దగ్గరికే వెళ్లేవాళ్లు. మనిషి నాలుగడుగులు వేస్తే చాలు, లోపం ఎక్కడుందో చెప్పేసేది, తన వేళ్లతోనే నొక్కి సరిచేసేది. అది నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. చివరికి వాతంతో ఆమె వేళ్లు బిగుసుకుపోయిన ఏడాది, నేనే వెళ్లి నా దగ్గరికి రమ్మని బతిమాలాను."

"అప్పట్నుంచి మీ దగ్గర పనికి కుదిరారా సార్?" మెడ పట్టుకునే అడిగింది హైందవి.

"అందరూ అలాగే అనుకున్నారు. బోర్డు మీద తన పేరు కూడా రాయిస్తానంటే ఒప్పుకోలేదు. 'నా పేరు జూస్తే గీ సదువుకున్నోళ్లు మెట్లెక్కరు సారూ' అంది."

ఫణీంద్ర తల దించుకున్నాడు.

"ఆమె నా దగ్గర పనికి కుదరలేదమ్మా" అన్నారు డాక్టరు గారు, చాలా మెల్లగా. "బిగుసుకుపోయిన తన వేళ్లకు బదులుగా నన్ను పెట్టుకుంది."