ముప్పై దాటొద్దు

వెనక నుంచి వచ్చిన కారు ట్రాక్టరుని దాటి, ఉన్నట్టుండి అడ్డంగా ఆగింది.

యలమంద బ్రేకు మీద లేచి నిలబడ్డాడు.

"కళ్ళు కనపడట్లేదా?" అని అరిచాడు.

కారు దిగినావిడ నేరుగా వెళ్ళి ట్రాలీ టైరు ముందు వంగింది.

"రబ్బరు కాలిన వాసన వస్తోందండీ. ఒకసారి చెయ్యి పెట్టి చూడండి."

పెట్టాడు. చురుక్కుమంది.

"టైరు మీద ఈ గుర్తు చూశారా? గంటకి ముప్పై కిలోమీటర్లు దాటొద్దని. మీరు నలభై మీద తోలుతున్నారు."

"గుర్తులు చూసుకుంటా తోల్తామా అమ్మా? మబ్బు పట్టింది. గుంటూరు చేరేలోపు వానొస్తే మిరపకాయంతా బూజే."

"టైర్లని పరీక్షించడమే నా ఉద్యోగమండీ. బరువు మోపి, ఇనప డ్రమ్ము మీద గంటల తరబడి తిప్పుతాం. ముప్పైకి తట్టుకున్న టైరు నలభైకి లోపల్లోపలే ఉడికిపోతుంది. పైకేం తెలీదు."

మిరప బస్తాల మీద యలమంద భార్య వెంకటేశ్వరమ్మ, ఇద్దరు కూలి ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. టైరు దగ్గరున్నావిడ తలెత్తి వాళ్ళని చూసింది.

"వీళ్ళని నా కారెక్కించండి. టైరు చల్లారాక మెల్లగా పోనిచ్చి, నరసరావుపేటలో మార్పించండి. అందాకా మీ వెనకే వస్తాను."

చదువుకున్నోళ్ళ చాదస్తం అనుకుంటూనే యలమంద వాళ్ళని దించాడు.

టైరు ఓ పట్టాన చల్లారలేదు. ఆవిడ కదల్లేదు.

చివరికి బయల్దేరాక, నరసరావుపేట ఇంకా రాకముందే, ఓ మలుపులో టైరు పేలింది. ట్రాలీ ఒరిగింది. ఆడవాళ్ళు కూర్చున్న చోటి బస్తాలన్నీ కాలవలోకి దొర్లాయి.

మెల్లగా తోలుతున్నాడు కాబట్టి ట్రాక్టరు నిలబడింది.

కారు దిగి పరిగెత్తుకొచ్చిన భార్య చెయ్యి యలమంద గట్టిగా పట్టుకున్నాడు. కారావిడకి దణ్ణం పెడదామని వెనక్కి తిరిగేసరికి, అందర్నీ దించేసిన కారు వెళ్ళిపోయింది.

"పేరన్నా అడిగావటే?"

"శ్రీదుర్గంట. దాచేపల్లి శేషాచలం మాస్టారి కూతురంట."

మిగిలిన కాయ అమ్ముడుపోయాక, చీరా పసుపూ కుంకుమా పట్టుకుని ఇద్దరూ దాచేపల్లి వెళ్ళారు.

శ్రీదుర్గ తమ్ముడు రామకాంత్ తలుపు తీశాడు.

"అక్క ఉద్యోగానికి వెళ్ళిపోయిందండీ. మీరెవరు?"

"వినుకొండ రోడ్డులో మా ఇంటిదాన్ని బతికించిన తల్లి బాబూ. మా ట్రాలీ ఆపి, పనులన్నీ మానుకుని మా వెనకే వచ్చింది."

రామకాంత్ వాళ్ళని లోపలికి పిలిచి, కుర్చీలు వేసి, మంచినీళ్ళిచ్చాడు.

"ఆ రోజు నాన్నగారిని వాకిట్లో పడుకోబెట్టుకుని అక్క కోసం చూస్తున్నామండీ," అన్నాడు మెల్లగా. "దారిలోంచి ఫోన్ చేసి, 'ఇక్కడ ట్రాలీ మీద మనుషులున్నారు, వదిలేసి రాలేను, నాకోసం ఆగకుండా నాన్నని శ్మశానానికి తీసుకెళ్ళండి' అంది."