బాపయ్య రాయించిన కార్డు

శేషాచలం చెయ్యి టపటపా ముద్రలు కొట్టుకుపోతోంది. కళ్ళు మాత్రం కార్డుల మీది కబుర్లు చదువుతున్నాయి. ఇరవై ఏళ్ళుగా ఆయన ఆ ఊరి పోస్టుమాస్టరు. సంచిలో పైఊళ్ళ ముద్రతో వచ్చినవీ, ఊరి డబ్బాలో ముద్ర లేకుండా పడినవీ కలిపి కుప్ప పోసుకుని కొట్టడమే. ఎవరి అల్లుడు అలిగాడో, ఎవరికి పెళ్ళిచూపులు కుదిరాయో ఆ ఇంటివాళ్ళ కంటే ముందు ఆయనకే తెలుస్తుంది.

ఆ శుక్రవారం ఒక కార్డుకు ముద్ర కొట్టి, పక్కన పెట్టబోయి మళ్ళీ చదివాడు.

"చి.ల.సౌ. కనకలక్ష్మికి అన్న బాపయ్య రాయించునది ఏమనగా, రేపు శనివారం మధ్యాహ్నం బస్సుకు మేము ఏడుగురం వస్తున్నాము. పది రోజులు ఉంటాము."

బావమరిది బాపయ్య చీమకుర్తి క్వారీలో మేస్త్రీ. చదువు లేదు, ఎవరు దొరికితే వాళ్ళ చేత రాయిస్తాడు. పోయినేడు వాళ్ళొచ్చినప్పుడు శేషాచలం పది రాత్రులు టపా సంచుల మీద పడుకున్నాడు. రావద్దంటే భార్య ఊరుకోదు. కార్డు లాల్చీ జేబులోకి దూరింది.

ఇంటికి వెళ్ళగానే అన్నాడు.

"కనకం, రేపు పొద్దున్నే బెజవాడ పోదాం."

బియ్యం ఏరుతున్న కనకలక్ష్మి చేతులు ఆగాయి. పెళ్ళయిన దగ్గర్నుంచి ఏటా ఆమె ఈ ముక్క అడుగుతూనే ఉంది. ఏటా ఆయన "ఆఫీసు నువ్వు చూస్తావా?" అంటూనే ఉన్నాడు.

"ఒంట్లో బాగానే ఉందాండీ?"

"పెళ్ళాంతో రెండు రోజులు సరదాగా తిరగాలనిపించింది. తప్పా?"

"మరి ఆఫీసు?"

"టపా మోసే జోసఫ్ ఉన్నాడుగా."

"కల్లంలో మిరపకాయలు?"

"పక్కింటి కరీమున్‌కి చెప్పు."

"ఉన్నపళాన పోతే ఎట్లాగండీ? ఇంటికెవరన్నా వస్తే?"

శేషాచలం లాల్చీ జేబు తడుముకున్నాడు. "ఉత్తరం ముక్క రాయకుండా ఎవరొస్తారే?"

"అదీ నిజమే. వస్తే ముందు మీ చేతిలోనే గదా పడేది," అంది కనకలక్ష్మి, చేట పక్కన పెడుతూ. పావుగంటలో సంచీ సర్దేసింది. అందులో చీరలు అప్పటికే ఇస్త్రీ చేసి ఉన్నాయి.

పొద్దున ఇంటికి తాళం వేస్తుంటే కరీమున్ "నిదానంగా రా అక్కా, కల్లం నేను చూస్తాగా," అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈ వయసులో సరసమేమిటని నవ్వుతోంది కాబోలనుకుని శేషాచలం తల వంచుకున్నాడు.

బెజవాడలో లాడ్జీ, రెండు సినిమాలు, బీసెంట్ రోడ్డులో గాజులు. మధ్యాహ్నం ఊళ్ళో బస్సు ఆగే వేళకి గడియారం చూసుకుని, తాళం ముందు నిలబడ్డ ఏడుగురినీ తలుచుకుని, శేషాచలం హుషారుగా ఇంకో రెండు ఐస్‌క్రీములు చెప్పాడు. చల్లదనానికి కళ్ళు మూసుకుని చిన్నపిల్లలా నవ్వుతున్న భార్యను చూసి, ఇన్నేళ్ళూ ఎందుకు తీసుకురాలేదా అని నిజంగానే బాధపడ్డాడు. ఆ బాధ బిల్లు వచ్చేదాకా ఉంది.

ఆదివారం సాయంత్రం ప్రకాశం బ్యారేజీ మీద నడుస్తున్నారు.

"వచ్చే ఏడు హైదరాబాదు పోదామాండీ?"

"చూద్దాంలే. ఇట్లాంటివి అనుకుని చేస్తే బాగుండవు. ఉన్నట్టుండి తోచాలి."

"తోస్తుంది లెండి," అని ఆమె బఠాణీల బండి వైపు నడిచింది.

ఇదే అదననుకుని శేషాచలం జేబులోంచి కార్డు తీశాడు. కృష్ణలో కలిపేస్తే పీడా పోతుంది. పాపం, బాపయ్య ఎప్పుడనగా వేశాడో, చీమకుర్తి ముద్రలో తేదీ చూద్దామని తిప్పాడు.

కార్డు మీద ఉన్నది ఒక్కటే ముద్ర, తన ఆఫీసుది.