అద్దం దించమ్మా

“ఇది వద్దు,” అంటూ ల్యాబులో మేడమ్ ఫ్యూమ్ హుడ్ల కేటలాగు మూసి స్టోర్స్ ఆఫీసరు వైపు జరిపింది.

ఆయన తల పట్టుకున్నాడు. “మూడోసారి వద్దంటున్నారు. గొట్టం అక్కర్లేదు, గోడ పగలగొట్టక్కర్లేదు, తెచ్చి పెట్టుకోవడమే. ఇంకేం కావాలండీ మీకు?”

“అది లోపలి గాలిని వడకట్టి మళ్ళీ గదిలోకే వదులుతుంది. మేం మరిగించేవి ఘాటు ఆమ్లాలు. ఫిల్టర్ చేతులెత్తేసిన సంగతి మాకు దగ్గొచ్చాక గానీ తెలియదు. గొట్టం పైకప్పు దాటి బయటికి పోవాల్సిందే.”

“సరే, అలాంటిదే తెప్పిస్తా. తలుపు పక్కన ఖాళీ ఉంది, అక్కడ పెట్టిస్తాను.”

“తలుపు తీసినప్పుడల్లా గాలి రివ్వున కొడుతుంది. లోపలున్నదంతా మన మొహం మీదికొస్తుంది. ఏసీ కింద కూడా వద్దు. అదిగో, ఆ మూల నా కుర్చీ ఉందే, అక్కడ పెట్టించండి.”

“మరి మీరు?”

“నేను తలుపు పక్కన కూర్చుంటాను.”

పరిశోధనలో చేరి వారమైన అమ్మాయి పక్కనే నిలబడి నవ్వాపుకుంది. ఫ్యూమ్ హుడ్ అంటే ముందు ఎత్తి దించే అద్దం, పైన గాలి లాగే ఫ్యాను ఉన్న పెద్ద అలమర. దానికింత రాద్ధాంతమా అనుకుంది.

రెండు నెలలకి హుడ్ వచ్చింది. మేడమ్ గాలి వేగం కొలిచే మీటరు పట్టుకుని అద్దం ముందు తొమ్మిది చోట్ల కొలిచింది. ఎడమ మూల లాగుడు తక్కువగా ఉందని బిగించినవాళ్ళని రెండుసార్లు వెనక్కి పిలిపించింది. ఆ తర్వాతే అమ్మాయిని దగ్గరికి రమ్మంది.

“రోజూ పని మొదలెట్టే ముందు ఈ టిష్యూ ముక్క ఇక్కడ పట్టుకో. లోపలికి ఊగితేనే పని. సామాను అంచుకి జానెడు లోపల ఉండాలి. సీసాలు దాచుకునే బీరువా కాదిది, పనవగానే తీసెయ్. తల మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ లోపల పెట్టకు. చేతులతో పని లేదనుకో, అద్దం పూర్తిగా దించెయ్.”

“అలాగే మేడమ్.”

అలాగే అన్నంత తేలిక కాలేదు. నోట్సు రాసుకోవడానికి పక్కకి తిరిగితే చాలు, “అద్దం దించమ్మా!” నీళ్ళు తాగడానికి కదిలితే, “అద్దం!” ల్యాబులో అందరూ ఆవిణ్ణి చాటుగా ‘అద్దాలావిడ’ అనేవాళ్ళు. ఒకరోజు అమ్మాయి అద్దం మెడదాకా ఎత్తి కలుపుతోందని మేడమ్ ఆ రోజు పనంతా ఆపించేసింది. అమ్మాయికి ఏడుపొచ్చింది. వరండాలోకి పోయి అమ్మకి ఫోన్ చేసింది.

“నన్ను చంటిపిల్లని చేసేస్తోందమ్మా. పొద్దున్నుంచి ఎన్నిసార్లు అందో లెక్కలేదు.”

“అననీలే,” అంది అమ్మ మెల్లగా. “మంచిదే కదా.”

అమ్మ కూడా ఆవిడ వైపే అనుకుని అమ్మాయి ఫోన్ పెట్టేసింది. అయినా చెయ్యి మాత్రం అలవాటు పడిపోయింది. పక్కకి తిరిగేలోపు దానంతటదే అద్దం దించేసేది.

వానలు మొదలైన వారం. నైట్రిక్ ఆమ్లం కలిపిన ఫ్లాస్కు వేడెక్కుతోంది. అమ్మాయి అద్దం దించి, పెన్ను కోసం వంగింది. ఢామ్మని పేలింది. లేచి చూస్తే అద్దం నిండా సాలెగూడులా బీటలు. అవతలి వైపు ఆమ్లం ధారలు కడుతోంది. ఎర్రటి పొగ సుడి తిరుగుతూ గొట్టంలోకి పోతోంది. అద్దం మాత్రం నిలబడింది.

“ముట్టుకోకు! బయటికి పద!” మేడమ్ వచ్చి రెక్క పట్టుకుని లాక్కెళ్ళింది. అలారం నొక్కి, అందర్నీ పంపించి, తలుపు వేసింది. వరండాలో అమ్మాయి మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, ఒక కన్ను చూసింది, రెండో కన్ను చూసింది. మళ్ళీ చూసింది.

“నాకేం కాలేదు మేడమ్. ఫ్లాస్కుకి కనబడని పగులేదో ఉండుంటుంది,” అంటూనే అమ్మాయి ఆవిడ భుజం మీద పడి భోరుమంది. “మిమ్మల్ని ఎన్ని తిట్టుకున్నానో!”

“తిట్టుకో తల్లీ. ఎంతైనా తిట్టుకో.”

విషయం తెలిసి మర్నాడే అమ్మ బస్సెక్కి వచ్చింది. అమ్మకి ఎడమ పక్క కనబడదు కాబట్టి అమ్మాయి ఆ పక్కనే నడుస్తూ మెట్లెక్కించి ల్యాబుకి తీసుకొచ్చింది.

మేడమ్ లేచి నిలబడింది. రమ్మనలేదు, కూర్చోమనలేదు. మనుషుల్లో కలవని మనిషి కదా, కృతజ్ఞతలంటే మొహమాటమేమో అనుకుంది అమ్మాయి.

అమ్మే దగ్గరికి వెళ్ళి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. “నా బిడ్డని నాకు నిక్షేపంగా అప్పజెప్పావు. ఈ రుణం ఎలా తీర్చుకోను?”

“అలా అనకు,” అంది మేడమ్. “నీ కూతురని నిన్నటిదాకా నాకు తెలియనే తెలియదు.”

“తెలియకుండానే ఇంత చూశావు. అంతకంటే ఏం కావాలి?”

మేడమ్ కళ్ళు ధారాపాతంగా కారుతున్నాయి. అమ్మ తన పైటచెంగుతో తుడిచింది. అమ్మాయికి అంతా అయోమయంగా ఉంది. వీళ్ళు ఒకర్నొకరు నువ్వు అనుకోవడమేంటి?

“మేడమ్ నీకు ముందే తెలుసా అమ్మా? అందుకేనా రెండు చోట్ల సీటొచ్చినా ఇక్కడే చేరమని పట్టుబట్టావు?”

“అవును. నిన్ను ఇంతకంటే జాగ్రత్తగా చూసుకునేవాళ్ళు ఇంకెక్కడా ఉండరు.”

“నీకెలా తెలుసు?”

అమ్మ ఆ చేతులు వదల్లేదు.

“నా కన్ను పోయిన రోజు అద్దం దించడం మరిచిపోయింది ఈవిడే.”