పన్నెండు గంటల గడి

చింతామణి దగ్గరి మాజీ సైనికుల ఆశ్రమంలో, మంచం పట్టినవాళ్లను రెండు గంటలకొకసారి పక్కకు తిప్పి చార్టులో రాయాలి. రాత్రి పదింటికి తనిఖీకి వచ్చిన అధికారి అంబరీష్, ఏడో మంచం చార్టు చూసి మండిపడ్డాడు.

"పన్నెండింటిది అప్పుడే రాసేసినారా? గోడ వైపు అంట!"

నర్సు లక్ష్మీనరసమ్మ ముఖం పాలిపోయింది. "అది నా రాత కాదు సార్. ఈ వార్డులోనే ఉండి, చార్టులు రాసి మాకు సాయం చేసిన సుబేదారుది. ఆయప్ప పోయిన నెలే చనిపోయినాడు."

"దినామూ ఆయప్పే వచ్చి తిప్పుతాండాడు," అన్నాడు మంచం మీది ఆంజనేయప్ప సంతోషంగా. "నొప్పే తెలీదు. రెండింటికి కిటికీ పక్కకేనా? నాకు కండ్లు ఆనవు, చదివి చెప్పప్పా."

అంబరీష్ కింద రెండింటి గడి చూశాడు. అందులోనూ అదే రాత:

"ఇంక తిప్పే పని లేదు."