సబ్బుకి అంటిన నేల

“ఓ సబ్బు ముక్క ఉంటే ఇప్పించు బాబూ.”

లాంచీ నడిపే సారంగుకి ఒళ్లు మండింది.

చేయి చాపితే వేళ్లు కనపడనంత పొగమంచు. లోతు చూపించే యంత్రం తెర ఉన్నట్టుండి నల్లబడింది. లంగరు వేస్తే పట్టు దొరకలేదు. పోటు తగ్గి నీరు తీసే వేళ కదా, ప్రవాహం లాంచీని రాళ్లగుట్ట వైపు లాక్కుపోతోంది. లోపల అరవై మంది ప్రయాణికులు. వాళ్లలో ఈ ముసలాయనకి ఇప్పుడు సబ్బు కావాలట!

“స్నానానికా? వెళ్లి కూర్చో పెద్దాయనా, నా బుర్ర తినకు!”

ముసలాయన కూర్చోలేదు. కేబిన్ గోడకి అలంకారంగా వేలాడుతున్న, లోతు కొలిచే పాతకాలపు సీసపు గుండుని తాడుతో సహా దించాడు. చేతులు కడుక్కునే చోట సబ్బు తనే వెతుక్కున్నాడు. గుండు అడుగునున్న గుంటలో దాన్ని మెత్తి, లాంచీ ముందు కొసకి పోయి నీళ్లలోకి విసిరాడు.

“నాలుగు బారలు!” గుండు పైకి లాగి, సబ్బుకి అంటినదాన్ని వేలితో నలిపి చూశాడు. “నల్ల బురద. కాలవ మధ్యలోనే ఉన్నాం. మెల్లిగా పోనీ.”

సారంగు పళ్లు కొరుక్కుంటూనే పోనిచ్చాడు. ఇంకేం చేస్తాడు?

“మూడు బారలు. బురదే.”

మళ్లీ విసిరాడు.

“రెండు!” ఈసారి గొంతు మారింది. “గవ్వ పెంకులు! ఎడమకి తిప్పు. పూర్తిగా!”

“ఎడమకా? గుట్ట అటేగా!”

“గవ్వలుండేది గుట్టకి ఈ పక్కనే! అది నీ కుడి పక్కనే ఉంది. తిప్పు బాబూ, నీకు దణ్ణం పెడతా!”

ఆ గొంతులో ఏముందో, సారంగు చేతులు వాటంతటవే చక్రం తిప్పేశాయి.

కుడి పక్కన, రెండు గజాల దూరంలో, నల్లటి రాయి మంచులోంచి తొంగి చూసి వెనక్కి పోయింది.

“ఐదు బారలు. బురద.” ముసలాయన ఉన్నచోటే కూలబడ్డాడు.

రేవులో జనం దిగిపోయాక సారంగు ఆయన కోసం వెతికాడు. కాళ్లు పట్టుకుందామనుకున్నాడు.

“ఆయన స్టేషనుకి వెళ్లిపోయాడు,” అన్నాడు టికెట్ల గుమాస్తా. “ఊరొదిలి పోతున్నాడు. ఈపాటికి రైలు కదిలే ఉంటుంది.”

“అసలెవరాయన?”

“ముప్ఫై ఏళ్లుగా చిన్న పడవేసుకుని ఆ గుట్ట చుట్టూ లోతులు కొలిచినాయన. నీ పటంలో ఉన్న అంకెలన్నీ ఆయన పుణ్యమే. పేరు మాత్రం వేయొద్దన్నాడు.”

“ఎందుకట?”

గుమాస్తా అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

“ఎవరికి చెప్పినా నీకు మాత్రం చెప్పొద్దన్నాడు... ఆ గుట్టకి కొట్టుకుని, మీ నాన్నతో సహా పదకొండు మందిని పోగొట్టుకున్న లాంచీని ఆరోజు నడిపింది ఆయనే.”