ఏడో నంబరు రూటు

సైకిలుకు బిగించే చిన్న తెర పెట్టెలో ఒక్క మ్యాపే పడుతుందట. ఏది కావాలో ఆలోచించి చెప్పమని అల్లుడు వచ్చి మామగారి ముందు కూర్చున్నాడు.

మామగారు బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. సీటు దిగిన ఏడాదికే మోకాలు మొరాయించింది, ఆపరేషనయింది. రోజూ సైకిలు తొక్కకపోతే ఆ కాలు ఇక వంగదని, బతికినంతకాలం చేతికర్ర తప్పదని డాక్టరమ్మ ముఖం మీదే చెప్పేసింది. అయినా ఈయన చెవికెక్కితేగా! ఇలా ఎక్కి అలా దిగిపోయేవాడు. అడిగితే విసుగనేవాడు. కర్ర పేరెత్తితే మాత్రం లోపల భయం. ఆ భయాన్ని కోపంగా మార్చి ఇంట్లోవాళ్ళ మీద చూపించేవాడు.

అందుకే ఈ పెట్టె. దారి చూపిస్తుంది, మలుపు చెబుతుంది, ఎక్కుడొస్తే పెడలు బిగిస్తుంది, తొక్కేవాడికి కాలక్షేపం.

కూతురు ఏటిగట్టు దారి పెట్టించుకోమంది. చదునుగా ఉంటుంది, మోకాలికి సుఖం. అల్లుడు కాదు, కొండదారి అన్నాడు. కాలికి బలం రావాలంటే ఎక్కుడు ఉండాలట. మొగుడూ పెళ్ళాలిద్దరూ కాసేపు వాదులాడుకున్నారు. డ్రైవరు ఇద్దరి మాటా కొట్టిపారేశాడు. గట్టు మీద నరమానవుడు కనబడడు, కొండ మీద ఎక్కేవాడూ లేడు దిగేవాడూ లేడు, అదీ ఒక రూటేనా అన్నాడు.

"మరి మీకేం కావాలి మామయ్యా?"

"మన ఊరిదే పెట్టు. ఏడో నంబరు రూటు."

అల్లుడు తల పట్టుకున్నాడు. ఉద్యోగమంతా ఆ దారిలోనే తిరిగారు, ఇంకా మొహం మొత్తలేదా అని అడిగాడు. పెట్టమంటే పెట్టు అన్నాడాయన. వంటింట్లోంచి వింటున్న భార్య మాత్రం ముసిముసిగా నవ్వుకుంది. ఏడో నంబరు బస్సుకి కండక్టరు ఆవిడే మరి. వాళ్ళ పెళ్ళి కుదిరింది కూడా ఆ బస్సులోనే.

మర్నాడు పొద్దున్నే డ్రైవరు తల దువ్వుకుని, ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా తొడుక్కుని మరీ సైకిలెక్కాడు. భార్య ఎప్పటిలాగే వెనకుంది.

డిపో దాటింది. బడి మలుపులో చెయ్యి బయటికి చాపాడు. మార్కెట్ స్టాపు రాగానే ఠక్కున ఆగాడు. ఆగకూడదు మామయ్యా, ఏకబిగిన తొక్కాలి అని అల్లుడు మొత్తుకున్నాడు. స్టాపులో ఆపనివాడు డ్రైవరెలా అవుతాడయ్యా అని కసిరాడు ఈయన. కూరగాయల గంపలు ఎక్కించడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ ఆగి, అప్పుడు కదిలాడు.

ఆస్పత్రి దాటేదాకా బాగానే సాగింది. వంతెన ఎక్కే చోటే వచ్చింది తంటా. పెడలు బరువెక్కింది. మోకాలు సలిపింది. చొక్కా తడిసి ముద్దయింది. ఇక నా వల్ల కాదు, నాకు కర్రే గతి అనుకున్నాడు. ఏడుపొచ్చినంత పనైంది. దిగిపోదామని ఒక కాలు పెడలు మీద నుంచి తీశాడు.

"రైట్... రైట్!"

వెనకనుంచి భార్య. అదే గొంతు, అదే సాగదీత. ఉద్యోగం మానేశాక ఆ మాట ఆవిడ నోట మళ్ళీ రాలేదు.

కండక్టరు రైట్ అన్నాక బండి ఆపే హక్కు డ్రైవరుకెక్కడిది? తీసిన కాలు మళ్ళీ పెట్టాడు. పళ్ళు బిగబట్టి తొక్కాడు. బండెడు జనాన్ని వంతెన మధ్యలో వదిలేసిపోతే రేపు ఏ మొహం పెట్టుకుని తిరగాలి? తొక్కగా తొక్కగా పెడలు తేలికైంది. దిగుడు వచ్చేసరికి గట్టిగా నవ్వేశాడు. మిగిలిన స్టాపుల్లో ఒక్కటీ వదలకుండా ఆగుతూ ఆఖరి స్టాపు చేరాడు.

దిగి, మోకాలు వంచి చూసుకున్నాడు. నిన్నటికంటే కాస్త ఎక్కువే వంగింది. కళ్ళు తడైతే చెమటన్నాడు.

"రేపు డ్యూటీకి వస్తావా?" అని భార్యని అడిగాడు.

"రాకేం చేస్తాను? టైముకి బండి తియ్యండి చాలు."

ఆయన మొహం తుడుచుకున్న తువ్వాలు అందుకుని, మంచం పక్కన నేలకి బిగించి ఉన్న, అసలు చక్రాలే లేని ఆ సైకిలు మీద ఆరేసింది ఆవిడ.